పరుపు కింది పుస్తకం



ఈ రోజు మీతో ముచ్చటించదలచుకున్న విషయం కొంచెం ఇబ్బందికరమైనదే. రేడియో దగ్గర అత్తగారో మామగారో కూర్చుని ఉంటే "ఇదేం ప్రసంగమమ్మా!" అనుకోవచ్చు. అయినా కట్టేయకండి, వారినీ వినమనండి. నలుగురిలో వినకూడని మాట ఒక్కటి కూడా నేను చెప్పబోవడం లేదు.

ఆడవాళ్లు చదివే శృంగార కథల గురించి మాట్లాడుకుందాం. ప్రేమ, అలక, పెళ్లి, పడకటిల్లు వీటి చుట్టూ తిరిగే నవలలు, సీరియళ్లు మనకు కొత్తవి కావు. యద్దనపూడి సులోచనారాణిగారి 'సెక్రటరీ' జ్యోతి మాసపత్రికలో సీరియల్‌గా వచ్చిన రోజుల్లో, పత్రిక ఇంటికి రాగానే ముందు ఎవరు చదవాలన్న దాని మీద అక్కచెల్లెళ్లు పోట్లాడుకునేవారు. ఆ నవలలో నిజానికి శృంగారమంటూ పెద్దగా లేదు. అయినా పెద్దవాళ్లు వస్తున్న అలికిడి వినగానే పుస్తకం పరుపు కిందికి పోయేది. అంతకు ముందు తరంలో చలంగారి 'మైదానం' గతి కూడా అంతే. 1927లో వచ్చిన ఆ నవలను బయట తిట్టనివారు లేరు, లోపల చదవనివారూ తక్కువే. తరువాత వారపత్రికల్లో సరసమైన కథలంటూ ప్రత్యేకంగా వేశారు. ఇప్పుడు సెల్‌ఫోన్‌లోనే సీరియళ్లు వస్తున్నాయి. పరుపు కింద దాచే పని కూడా లేదు, వేలితో ఒకసారి తోస్తే మాయమైపోతుంది.

కాలం మారింది, కాగితం పోయి ఫోను వచ్చింది. కాని దాచుకోవడం మాత్రం పోలేదు చూడండి! మనం దేన్ని దాస్తున్నాం, ఎవరికి భయపడి దాస్తున్నాం, అసలు దాచవలసింది అందులో ఏముంది అన్నదే ఈనాటి ప్రశ్న.

మేముండేది శ్రీశైలంలో. యాత్రికుల రద్దీ తగ్గిన మధ్యాహ్నం వేళల్లో మేం నలుగురైదుగురం ఒకరి ఇంట్లో చేరి ఏదో ఒక పుస్తకం చదువుకుంటూ ఉంటాం. కర్నూలులో పంతులమ్మగా పనిచేసి రిటైరయిన ఒకావిడ మాకు చదివి అర్థం చెబుతారు. ఆ మధ్య ఆవిడ ముద్దుపళని వ్రాసిన 'రాధికా సాంత్వనం' తెచ్చారు. సుమారు రెండు వందల యాభై ఏళ్ల కిందట తంజావూరు ఆస్థానంలో ఉన్న కవయిత్రి వ్రాసిన శృంగార ప్రబంధమది. నాలుగు ఆశ్వాసాలు, 584 పద్యాలు. అన్నీ చదవలేదు, ఏరి ఏరి కొన్ని చదివాం. ఇంకేం, నలుగురు నాలుగు రకాలుగా మాట్లాడారు.

ప్రొద్దుటూరు నుంచి కాపురానికి వచ్చిన ఒకావిడకు కోపం వచ్చింది. "ఏందక్కా ఇది! దేవుని పేరు పెట్టుకొని పడకటింటి సంగతులు రాసినారే. కొండమీద కూర్చొని ఇట్లాంటివి చదవొచ్చునా?" అంది.

జమ్మలమడుగు వైపు నుంచి వచ్చిన జేజి ఒకామె మాత్రం బోసినోటితో నవ్వింది. "నువ్వు ఊరుకో బిడ్డా. మా కాలంలో పెండ్లిండ్లలో నలుగు పెట్టేటప్పుడు, పిల్లను గదిలోకి పంపేటప్పుడు మేం పాడిన పాటల ముందర ఇదేం లెక్క! మొగోళ్లు వాకిట్లో కూర్చొని ఇననట్టుగా ఇంటాండిరి" అన్నది.

మూడో ఆమె కొత్త కోడలు, హైదరాబాదులో చదువుకున్న పిల్ల. ఆమెకు కోపమూ రాలేదు, నవ్వూ రాలేదు. "పద్యాలు అర్థం కావడానికే నిఘంటువు కావాలి పిన్నీ. నిఘంటువు చూసుకుంటూ చదివితే ఎవరు చెడిపోతారు? మా హాస్టల్లో ఇంగ్లీషు నవలలు చదివాం, వాటికంటే ఇందులో మర్యాద ఎక్కువుంది" అన్నది.

నాలుగో ఆమె ఏమీ అనలేదు. అందరూ లేచి వెళ్లాక మాత్రం ఆ పుస్తకం ఒక రెండు రోజులు ఇమ్మని మెల్లగా అడిగింది.

ఈ నాలుగు రకాల పాఠకురాళ్లూ ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఎవరినీ తప్పు పట్టనవసరం లేదు. అయితే ఈ పుస్తకానికి పట్టిన గతి ఏమిటో తెలిస్తే, మన అభిప్రాయాలు ఎక్కడి నుంచి వచ్చాయో కూడా తెలుస్తుంది.

ముద్దుపళని దేవదాసీ కుటుంబంలో పుట్టిన విదుషి. 1739 నుంచి 1763 వరకు తంజావూరును పాలించిన ప్రతాపసింహుని కాలంలో ఆ ఆస్థానంలో ఉండేది. సంగీతసాహిత్యాల్లో దిట్ట. ఆండాళ్ తిరుప్పావైని కూడా తెలుగు చేసింది. తన పుస్తకం పీఠికలో, మగకవులు తాతముత్తాతలను చెప్పుకున్నట్లే, ఆమె తన అమ్మమ్మల వరసను గర్వంగా చెప్పుకున్నది.

ఆ కావ్యం 1887లో అచ్చయింది. అచ్చు వేయించినవారు పైడిపాటి వెంకటనరసుగారు. మన కడపలో ఉండి తెలుగు తాళపత్రాలు సేకరించిన సి.పి. బ్రౌనుదొర దగ్గర పనిచేసిన పండితుడాయన. బ్రౌనుదొర బంగళా ఉన్న చోటే ఇప్పుడు కడపలో ఆయన పేరిట గ్రంథాలయం ఉన్న సంగతి మీకు తెలిసే ఉంటుంది. అయితే ఆ అచ్చుప్రతిలో ముద్దుపళని వ్రాసుకున్న పీఠిక లేదు. అంటే పుస్తకం మిగిలింది గాని, వ్రాసిన మనిషి తన గురించి చెప్పుకున్న మాటలు ఎగిరిపోయాయి.

ఆ లోటు తీర్చింది బెంగుళూరు నాగరత్నమ్మగారు. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి మీద తన సొంత సొమ్ముతో గుడి కట్టించి, అక్కడి ఆరాధనలో ఆడవాళ్లు కూడా పాడే హక్కు కోసం పోరాడిన మహాగాయని ఆమె. వ్రాతప్రతి సంపాదించి, అచ్చుప్రతితో సరిచూసుకొని, తీసేసిన భాగాలు మళ్లీ చేర్చి 1910లో మద్రాసు వావిళ్లవారి చేత అచ్చు వేయించారు. ఒక స్త్రీ వ్రాసిన కావ్యాన్ని ఇంకొక స్త్రీ నూట యాభై ఏళ్ల తరువాత వెతికి పట్టుకొని మనకిచ్చిందన్నమాట.

మరి మెచ్చుకున్నారా? కొందరు మెచ్చుకున్నారు. ఎక్కువమంది మండిపడ్డారు. వారిలో ముఖ్యులు కందుకూరి వీరేశలింగం పంతులుగారు. పంతులుగారంటే మనకెంత గౌరవమో వేరే చెప్పాలా? 1881లో రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించిన మహానుభావుడు. ఆడపిల్లల చదువు కోసం ఆస్తినీ ఆరోగ్యాన్నీ ధారపోసినవాడు. ఆయన 'ఆంధ్రకవుల చరిత్రము'లో ముద్దుపళని పాండిత్యాన్ని, పద్యం నడకను ఒప్పుకున్నారు. కాని ఆ పుస్తకంలో చాలా భాగాలు స్త్రీలు వినడానికే తగవనీ, ఇక స్త్రీ నోటి నుంచి రావడం మరీ సిగ్గుచేటనీ నిందించారు.

నాగరత్నమ్మగారు ఊరుకోలేదు. పీఠికలోనే జవాబు చెప్పారు. ఆమె వాదం చాలా సులువైనది. సిగ్గు అనేది ఆడవాళ్లకే ఉండాలా, మగవాళ్లకు అక్కరలేదా అని అడిగారు. పంతులుగారు స్వయంగా పరిష్కరించిన 'వైజయంతీ విలాసం' సంగతేమిటి, అందులోని వర్ణనలు దీనికేమైనా తీసిపోయాయా అని నిలదీశారు. ఆ కావ్యం వ్రాసింది మగవాడు గనుక అది సాహిత్యమైంది, ఇది వ్రాసింది ఆడది, అందులోనూ వేశ్య గనుక బూతైంది అని ఆమె బాధ.

ఆ పోరు పత్రికలకెక్కింది. చివరకు సర్కారు దాకా పోయింది. 1911లో ఆ పుస్తకం అసభ్యమైనదని తేల్చి, మద్రాసులో పోలీసులు ప్రతులు పట్టుకుపోయారు. ఆ నిషేధం ముప్ఫై ఏళ్లకు పైగా ఉంది. టంగుటూరి ప్రకాశం పంతులుగారు మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యాకనే, 1947లో, దాన్ని తొలగించారు. 1952లో వావిళ్లవారు మళ్లీ అచ్చు వేశారు. ఆ సంవత్సరమే నాగరత్నమ్మగారు కన్నుమూశారు.

ఒక్కటి గమనించండి. నిషేధించాలన్నవారు దుర్మార్గులేమీ కారు. ఆడవాళ్లు బాగుపడాలని మనసారా కోరినవారు కూడా అందులో ఉన్నారు. ఆడది చదువుకోవాలి, కాని మేం ఇచ్చినదే చదువుకోవాలి అన్నారు. ఆ రెండో మాట దగ్గరే చిక్కంతా. ఆ మాట ఇప్పటికీ మన ఇళ్లలో వినబడుతూనే ఉంది.

ఇంతకూ ఆ పుస్తకంలో ఏముంది? రాధ కృష్ణునికన్నా పెద్దది, వరసకు మేనత్త. తను పెంచిన ఇళాదేవిని కృష్ణునికిచ్చి తనే పెళ్లి చేస్తుంది. భర్త దగ్గర ఎలా మసలుకోవాలో ఇళకు చెబుతుంది. అంతటితో ఆగితే ఇంకొక ప్రబంధమే అయ్యేది. రాధ కృష్ణుని దగ్గరకూ పోయి, ఇది లేత వయసు, తొందరపడకు, నొప్పించకు, మెల్లగా మచ్చిక చేసుకో అని బుద్ధి చెబుతుంది. ఆ తరువాత వారిద్దరూ కలిసి తనను మరచిపోయేసరికి కుమిలిపోతుంది, అలుగుతుంది, మండిపడుతుంది. కృష్ణుడు కాళ్లబేరానికి వచ్చి ఆమెను ఊరడిస్తాడు. అందుకే ఆ పేరు. 'సాంత్వనం' అంటే ఊరడింపు కదా.

మగవాడికి బుద్ధి చెప్పే ఆ ఘట్టం దగ్గర మా పంతులమ్మగారు ఆగి, "చూశారా, ఆడపిల్ల ఏమనుకుంటుందో ఇక్కడ లెక్కలోకి వచ్చింది" అన్నారు. నిజమే. మన ప్రబంధాల్లో స్త్రీ అందాన్ని గోటి నుంచి జుట్టు దాకా వర్ణించారు గాని, ఆమెకు ఎట్లా ఉందో అడిగినవారు తక్కువ. ముద్దుపళని అడిగింది. బహుశా ఆ అడగడమే కొందరికి మింగుడుపడలేదేమో.

అలాగని ఆ పుస్తకాన్ని నెత్తిన పెట్టుకొని ఊరేగమని నేననడం లేదు. ఇళాదేవి అప్పుడే పెద్దమనిషైన పిల్ల. ఇప్పుడైతే మన అమ్మాయి స్కూలు యూనిఫాంలో ఉండే వయసు. బాల్యవివాహాలను ఆపే శారదా చట్టం 1929లో గాని రాలేదు. ఆ కాలపు కావ్యంలో ఆ కాలపు దోషమూ ఉంటుంది. చదివేటప్పుడు అక్కడ మనసు చివుక్కుమంటే మంచిదే. మెచ్చుకోవలసింది మెచ్చుకొని, ఒప్పుకోలేనిది ఒప్పుకోకుండా ఉండడమే చదవడమంటే.

కొండమీద ఇట్లాంటివి చదవవచ్చునా అని మా స్నేహితురాలు అడిగింది కదా. ఆమె మాటను తేలిగ్గా తీసేయకూడదు. భక్తి ఉన్న మనిషి అడిగిన ప్రశ్న అది. కాని ఈ కొండ కథలే ఒకసారి తలచుకుందాం.

మల్లికార్జునునికి ఆ పేరెలా వచ్చిందో స్థలపురాణం చెబుతుంది. చంద్రవతి అనే రాజకుమార్తెను కన్నతండ్రే మోహించాడు. ఆమె ఇల్లు విడిచి కొండ చేరి, మల్లెపూలతో స్వామిని పూజించింది. ఆ మల్లెల వల్లనే స్వామి మల్లికార్జునుడయ్యాడు. ఈ కథ పిల్లలను ఒళ్లో కూర్చోబెట్టుకుని వింటాం. ఇందులో కామం లేదా? ఉంది. కాని కథ ఎవరి పక్షాన నిలబడింది? "కాదు" అన్న పిల్ల పక్షాన నిలబడింది. అందుకే అది పుణ్యకథ అయింది.

ఇక అక్కమహాదేవి. పన్నెండో శతాబ్దపు కన్నడ శివశరణి. రాజు కోరినా కాదని, ఇంటినీ కట్టుబట్టనూ కూడా వదిలేసి, జుట్టే వలువగా నడిచి కల్యాణానికి, అక్కడి నుంచి శ్రీశైలానికి వచ్చింది. చెన్నమల్లికార్జునుడే నా మగడు అన్నది. ఆమె వచనాల్లో విరహం ఉంది, ఒంటి తాపం ఉంది, మోమాటం లేకుండా ఉంది. ఆ రోజుల్లో శరణులే ఆమెను నిలబెట్టి ప్రశ్నలు వేశారని చెబుతారు. ఈనాడు మనం పాతాళగంగ నుంచి లాంచీ ఎక్కి, అక్కమహాదేవి గుహలకు పోయి చేతులు జోడించి వస్తున్నాం.

చెంచువారు స్వామిని చెంచు మల్లయ్య అని, తమ ఇంటి అల్లుడని ముద్దుగా పిలుచుకుంటారు. అహోబిలంలో నరసింహస్వామి చెంచులక్ష్మిని వలచి పెళ్లాడిన కథ సినిమాగా కూడా చూశాం. ప్రతి రాత్రీ గుడిలో ఏకాంతసేవ జరుగుతుంది. తాళ్లపాక అన్నమాచార్యులవారి సంకీర్తనల్లో శృంగార సంకీర్తనలకే పెద్దపీట. అమ్మవారి చెలికత్తెలు ఆమెను ఎన్ని సరసాలాడతారో, ఆ పాటలు పెళ్లిళ్లలో పాడే మనకు తెలియదా?

కనుక శృంగారం ఉన్నంత మాత్రాన మైల అంటదు. మన పెద్దలు తొమ్మిది రసాల్లో దానికే మొదటి పీట వేశారు. ఎటొచ్చీ ఏది రసం, ఏది రోత అన్న విచక్షణ మనకు ఉండాలి.

ఈ తగవు మన ఒక్కరిదే కాదు. ఇంగ్లండులో 1868లో ఒక న్యాయమూర్తి, చెడిపోవడానికి వీలున్న మనసుల చేతిలో పడితే వాటిని చెడగొట్టేదేదో అదే అసభ్యమన్నాడు. ఆ కొలబద్దే మన దేశానికీ వచ్చింది. ఆ చెడిపోయే మనసులెవరివి అంటే పిల్లలవీ, ఆడవాళ్లవీ అని అందరూ చెప్పకుండానే అనుకున్నారు. 1960లో లండనులో 'లేడీ ఛాటర్లీస్ లవర్' నవల మీద కేసు జరిగినప్పుడు సర్కారు వకీలు జ్యూరీ వారిని ఒక ప్రశ్న అడిగాడు. మీ ఆవిడ గాని, మీ నౌకర్లు గాని చదవాలని మీరు కోరుకునే పుస్తకమేనా ఇది అని దాని సారాంశం. ఆ జ్యూరీలో ముగ్గురు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారన్న సంగతి ఆయన మరచిపోయినట్టున్నాడు! పుస్తకం నిర్దోషి అని జ్యూరీ తేల్చింది. మన సుప్రీంకోర్టు మాత్రం 1964లో ఆ పుస్తకం అమ్మిన బొంబాయి వ్యాపారికి పడిన శిక్షను ఖాయం చేసింది. ఏదైనా ఒక ముక్క పట్టుకుని కాకుండా మొత్తం మీద చూడాలని, ఈనాటి సమాజపు అభిరుచితో కొలవాలని మన సుప్రీంకోర్టు పాత కొలబద్దను పక్కన పెట్టింది 2014లో.

ఇక మా కొత్త కోడలు హాస్టల్లో చదివానన్న ఇంగ్లీషు నవలల సంగతి. 'ఫిఫ్టీ షేడ్స్ ఆఫ్ గ్రే' అని ఇ.ఎల్. జేమ్స్ అనే ఆవిడ వ్రాసిన వరస. మొదటి పుస్తకం 2011లో వచ్చింది. మూడు పుస్తకాలూ కలిపి పది కోట్ల ప్రతులకు పైగా అమ్ముడయ్యాయి. కొన్నవారిలో ఎక్కువమంది ఆడవాళ్లే. ఆ పుస్తకం మీద అక్కడి ఆడవాళ్లు కూడా మా నలుగురిలాగానే చీలిపోయారు. 2012లో అమెరికాలో ఫ్లోరిడా వైపు ఒక చోట గ్రంథాలయం వారు దాన్ని బీరువాల్లోంచి తీసేశారు. పాఠకులు గోల చేస్తే మళ్లీ పెట్టారు. అదే ఏడు ఇంగ్లండులో, మొగుళ్ల చేత దెబ్బలు తిన్న ఆడవాళ్లకు ఆశ్రయమిచ్చే ఒక సంస్థవారు ఆ పుస్తకాలను మంటలో వేద్దాం రండని పిలుపు ఇచ్చారు.

వీరికెందుకంత కోపం? కథ చూడండి. కుర్ర కోటీశ్వరుడు. కాలేజీ చదువు పూర్తి కావస్తున్న అమాయకపు పిల్ల. ఆమె ఎక్కడుందో ఫోను ద్వారా కనిపెడతాడు. ఏం తినాలో, ఎప్పుడు నిద్రపోవాలో కాగితం మీద వ్రాసి సంతకం పెట్టమంటాడు. ఆమె పనిచేసే కంపెనీనే కొనేస్తాడు. దెబ్బ కూడా వలపులో భాగమంటాడు. చివరకు ఆమె ప్రేమతో అతను మారిపోతాడు. దెబ్బలు తిన్న ఆడవాళ్ల గాయాలకు రోజూ కట్లు కట్టేవారికి ఈ కథ చదివితే ఒళ్లు మండదా మరి? ఇంటినిండా డబ్బు, భార్య మీద నిఘా, కొట్టిన మర్నాడు పూలగుత్తి! ఇట్లాంటి మగవాడు ప్రేమతో మారిపోతాడని నమ్మి ఎందరు ఎన్నేళ్లు ఓర్చుకున్నారో వారికి తెలుసు.

చదివి ఇష్టపడినవారికీ వారి కారణాలున్నాయి. ఇది కథ, కాపురం కాదు, ఈ రెంటికీ తేడా మాకు తెలుసు అన్నారు. పిల్లలు, వంట, ఉద్యోగం వీటి మధ్య తమకూ ఒక మనసు, ఒక శరీరం ఉన్నాయని ఎన్నాళ్లకో గుర్తు వచ్చిందన్నారు. కట్టుకున్నవాడితో ఇంతకాలం మాట్లాడని మాటలు మాట్లాడగలిగామన్నారు. అందులోనూ నిజం లేకపోలేదు.

నేనెటువైపు అంటే, తగలబెట్టడం వైపు మాత్రం కాదు. తగలబెట్టిన పుస్తకం గొప్పదైపోతుంది, తగలబెట్టిన చేతికి ఆలోచించే పని తప్పిపోతుంది. అయితే చదివి ఊరుకోవడం కూడా చాలదు. బజారులో వంకాయ కొనేటప్పుడు తిప్పి తిప్పి చూసి పుచ్చు ఏరేసే మనం, మనసులోకి వెళ్లే కథను చూడకుండా తీసుకుంటామా? శృంగార కథ ఏది చేతికి వచ్చినా నేను మూడు ప్రశ్నలు వేసుకుంటాను. మీకు నచ్చితే మీరూ వేసుకోండి.

మొదటిది: ఈ కథలో ఆమెను ఎవరైనా అడిగారా? అంటే ఆమె ఇష్టానికి లెక్క ఉందా, లేక మగవాడి తొందరే ప్రేమగా చలామణీ అవుతోందా? ముద్దుపళని కావ్యంలో అడిగినవారున్నారు. మన సీరియళ్లు, సినిమాలు ఎన్నింటిలో హీరో చెయ్యి పట్టుకు లాగితే, చెంప మీద కొడితే అది వలపు అయిపోలేదు! వాటిని ఇంటిల్లిపాదీ కూర్చుని చూస్తాం. వాటిని పరుపు కింద దాచాలని ఎవరికీ తోచదు.

రెండవది: ఆమె "వద్దు" అంటే కథ ఆగిందా? ఆడదాని "వద్దు"కు "కావాలి" అని అర్థం చెప్పే కథ, ఎంత ముసుగు వేసుకుని వచ్చినా, చంద్రవతి తండ్రి పక్షమే. పెళ్లయిన వారి మధ్య కూడా ఈ ప్రశ్న ఉంటుంది. తాళి కట్టించుకున్నంత మాత్రాన నోరు కుట్టించుకోలేదు కదా మనం.

మూడవది: తెల్లవారిన తరువాత ఏం జరిగింది? ఆ రాత్రి గడిచాక ఆమెకు గౌరవం మిగిలిందా, మాట చెల్లుబాటయిందా, లేక కథ ఆమెను వాడుకుని వదిలేసిందా? మంచి రచయిత మర్నాటి పొద్దును కూడా వ్రాస్తాడు. పెన్ను పట్టింది కూలికో, వాడుకకో అయితే దీపం ఆర్పగానే కథ అయిపోతుంది.

ఈ మూడూ వేసుకుంటే ఏ పుస్తకం ఉంచుకోవాలో, ఏది పాతపేపర్లవాడికి వేయాలో మీకే తెలిసిపోతుంది. ఇంకొకరు వచ్చి తేల్చనక్కరలేదు.

చివరగా మన పిల్లల సంగతి. ఎదిగే ఆడపిల్ల ఫోనులో ఏం చదువుతున్నదో అని మనకు భయం ఉంటుంది. ఉండడం సహజం. వయసుకు మించినవి పిల్లల కంటబడకుండా చూసుకోవడం తల్లి బాధ్యతే, అందులో సందేహం లేదు. చిన్నపిల్లలకు ఇవి తగవు. కాని పదిహేడు, పద్దెనిమిది వచ్చిన పిల్ల చేతిలోంచి ఫోను లాక్కుని నాలుగు తగిలిస్తే ఏం జరుగుతుంది? చదవడం మానదు, మనతో చెప్పడం మానేస్తుంది. రేపు పెళ్లయ్యాక నిజంగా ఏదైనా కష్టం వచ్చినా, నోటితో చెప్పలేని బాధ కలిగినా, అమ్మ దగ్గర ఆ మాట ఎత్తకూడదని అప్పటికే నేర్చుకుని ఉంటుంది. "మొదటి నుంచీ నాకు ఇష్టం లేదమ్మా" అన్న మాట ఆమె ఎవరితో చెప్పుకుంటుంది? పుస్తకాన్ని దాచడం అలవాటైన ఇంట్లో గాయాన్ని దాచడం కూడా అలవాటైపోతుంది. నాకున్న భయమల్లా ఇదే. బూతు పుస్తకం కంటే మూసిన నోరు ఎక్కువ చేటు చేస్తుంది.

అందుకని కొట్టకుండా, కోప్పడకుండా పక్కన కూర్చోండి. "ఏం కథే అది? వాడు మంచివాడేనా? ఆ పిల్ల చేసిన పని నీకు నచ్చిందా?" అని అడగండి. మొదటి రోజు సిగ్గుపడుతుంది. రెండో రోజు విసుక్కుంటుంది. మూడో రోజు తనే వచ్చి కథ చెబుతుంది. మగపిల్లలున్న తల్లులు వారినీ ఇదే ప్రశ్న అడగాలని మరచిపోకండి. రాధ బుద్ధి చెప్పింది ఇళకు ఒక్కదానికే కాదు, కృష్ణునికి కూడా చెప్పింది. మనం మాత్రం కూతుళ్లకు చెప్పి ఊరుకుంటున్నాం, కొడుకులను వదిలేస్తున్నాం.

మా ప్రొద్దుటూరు స్నేహితురాలు ఇప్పటికీ ఆ పుస్తకాన్ని ఒప్పుకోలేదు. ఒప్పుకోనక్కరలేదు కూడా. కాని ఆమె మా మధ్యాహ్నపు చదువుకు రావడం మానలేదు. ఎందుకు నచ్చలేదో ప్రతిసారీ గట్టిగానే చెబుతుంది. జేజి ఆమెతో వాదిస్తుంది, కోడలు పిల్ల నవ్వుతుంది. నూరేళ్ల కిందట పెద్ద పెద్ద పండితులు, పోలీసులు, సర్కారు తేల్చలేని తగవును మేం ఒక చాప మీద కూర్చుని, మరమరాలు తింటూ మాట్లాడుకోగలుగుతున్నాం. మీ వీధిలో కూడా అలాంటి చాప ఒకటి పరచండి. ఏ పుస్తకమైనా పరవాలేదు, కాని పది మంది చేతులు మారనివ్వండి. నచ్చినవారు నచ్చిందనండి, నచ్చనివారు ఎందుకు నచ్చలేదో చెప్పండి.